పని పోయాక పెరిగిన మోజు
(చేతి వాచీల సేకరణ మీద చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం.

నాకు ముప్పావు గంట టైమిచ్చారు. వాచీల గురించి మాట్లాడేవాడే టైము దాటితే నవ్వుతారు కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా మొదలుపెడతాను.

మీరు అడగబోయేది నాకు తెలుసు. "చేతిలో ఫోను ఉండగా వాచీ ఎందుకండీ?" అని. అక్కర్లేదండీ, నిజంగానే అక్కర్లేదు. ఫోను టైము నెట్‌వర్కు నుంచి సరిచేసుకుంటుంది. రైలు అందుకోవాల్సిన రోజున నేనూ ఫోనే చూస్తాను. కీ ఇచ్చే వాచీలు ఎంత సరిగ్గా నడుస్తాయో చెబితే మీకు ఇంకా విచిత్రంగా ఉంటుంది. స్విట్జర్లాండులో సీఓఎస్‌సీ అనే సంస్థ వాచీ యంత్రాలకు పరీక్ష పెడుతుంది. పదిహేను రోజుల పాటు, ఐదు భంగిమల్లో, మూడు ఉష్ణోగ్రతల్లో పెట్టి ప్రతిరోజూ కొలుస్తారు. ఇంత చేశాక కూడా వాళ్లు సరే అనే సగటు తేడా రోజుకు 4 సెకన్లు వెనక్కి, 6 సెకన్లు ముందుకు. అంటే సర్టిఫికెట్ తెచ్చుకున్న వాచీ సైతం నెల తిరిగేసరికి రెండు మూడు నిమిషాలు తప్పొచ్చు. మామూలు బ్యాటరీ వాచీ నెలంతా కలిపి పావు నిమిషం తప్పితే ఎక్కువ. చూశారా, ఎక్కువ డబ్బు పోసి, తక్కువ సరిగ్గా నడిచే వస్తువును ఏరికోరి తెచ్చుకునే మనుషులం మేం. (నవ్వులు)

ఈ వైపరీత్యం వెనక ఒక కథ ఉంది. చేతి వాచీకి పని ఉన్నంత కాలం దాన్ని పోగేసేవాళ్లు అక్కడక్కడా తప్ప లేరు. చూసుకోవడానికి ఒకటి చాలు కదా. పని పోయాకే ఈ మోజు పెరిగింది. పెరిగిన మోజులో కూడా కొనడం చిన్న ముక్క. ఎక్కువ భాగం చూడటం, ఆరా తియ్యడం, సాక్ష్యం వెతకడం. ఆ సంగతే ఇవాళ చెబుదామని వచ్చాను.

అసలు చేతి వాచీ మరీ పాతదేం కాదు. నూట పాతికేళ్ల కిందట మగవాళ్లది జేబు గడియారం. చేతికి కట్టుకునేది ఆడవాళ్ల నగల లెక్కలో ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం దాన్ని తిరగేసింది. ఫిరంగుల మోత ఫలానా నిమిషానికి ఆగుతుంది, ఆగగానే కందకం దాటాలి. ఆ బురదలో, ఒక చేత్తో తుపాకీ పట్టుకుని, కోటు గుండీలు విప్పి జేబు గడియారం తియ్యడం కుదిరే పనా? సైనికులు చేతికి కట్టుకున్నారు. ఇంటికి తిరిగొచ్చాక కూడా విప్పలేదు.

ఆ తర్వాత యాభై ఏళ్లు కీ ఇచ్చే వాచీదే రాజ్యం. 1969 డిసెంబరు 25న టోక్యోలో సీకో కంపెనీ ఆస్ట్రాన్ అనే వాచీ అమ్మకానికి పెట్టింది. మొట్టమొదటి క్వార్ట్జ్ చేతి వాచీ అదే. ధర నాలుగున్నర లక్షల యెన్‌లు. అప్పట్లో జపాన్‌లో దాదాపు ఒక చిన్న కారు ఖరీదు. క్వార్ట్జ్ పలుకుకు కరెంటు ఇస్తే కంపిస్తుంది. ఆస్ట్రాన్‌లో సెకనుకు 8,192 సార్లు కంపించేది. ఇవాళ మామూలు బ్యాటరీ వాచీలో 32,768 సార్లు. ఇదేం లెక్క అంటారా? రెండును పదిహేను సార్లు గుణిస్తే వచ్చేది ఇదే. సర్క్యూటు దాన్ని పదిహేను సార్లు సగం చేసుకుంటూ పోతే సెకనుకు సరిగ్గా ఒక్క తట్టు మిగులుతుంది. ఆ తట్టుకే ముల్లు ఒక గీత దూకుతుంది. మరి కీ ఇచ్చే వాచీలో? సెకనుకు ఐదు తట్లు, ఎనిమిది తట్లు, మహా అయితే పది. ఐదెక్కడ, ముప్ఫై రెండు వేలెక్కడ! ఇక పోటీ ఏముంది?

పోటీ లేదు. 1970 నాటికి స్విట్జర్లాండు వాచీ పరిశ్రమలో సుమారు 90 వేల మంది పనిచేసేవాళ్లు. పదిహేనేళ్లు తిరిగేసరికి ముప్ఫై వేల చిల్లర మిగిలారు. తాతల నాటి కార్ఖానాలు మూతపడ్డాయి. యంత్రాలను తుక్కు కింద తూకం వేసి అమ్మారు.

ఇక్కడే నాకు చాలా ఇష్టమైన మనిషి వస్తాడు. పేరు షార్ల్ వెర్మో. లె లోక్ల్ అనే ఊళ్లో జెనిత్ కార్ఖానా ఉంది. 1969 జనవరిలో ఆ కంపెనీ ఎల్ ప్రిమెరో అనే యంత్రాన్ని ప్రకటించింది. తనంతట తనే కీ ఎక్కించుకునే తొలి క్రోనోగ్రాఫులలో, అంటే స్టాప్‌వాచీ కూడా ఉన్న వాచీలలో, అదొకటి. గంటకు 36,000 తట్లు, అంటే సెకనులో పదో వంతు కొలవగలదు. ఇంత గొప్ప యంత్రం తయారైన ఏడాదే క్వార్ట్జ్ వచ్చిపడింది. 1975లో అమెరికాలోని యజమానుల నుంచి హుకుం వచ్చింది: కీ వాచీల తయారీ ఆపెయ్యండి, పరికరాలు అమ్మెయ్యండి అని. వెర్మో ఆ కార్ఖానాలో మేస్త్రీ లాంటివాడు. పై అధికారి కాదు, ఇంజినీరింగు దిగ్గజం అసలే కాదు. అతనేం చేశాడంటే, ఎల్ ప్రిమెరో భాగాలు కత్తిరించే అచ్చులు, కామ్‌లు, కొలత పరికరాలు ఒక్కొక్కటే మోసుకెళ్లి అటక మీద దాచాడు. ప్రతిదానికీ చీటీ అంటించాడు. ఏది ఏ పనికో, ఏ వరసలో వాడాలో నోటుపుస్తకంలో రాసుకున్నాడు. చీటీలు అంటించడం అంటే ఏమిటండీ? ఎప్పటికైనా ఎవరో ఒకరు మళ్లీ అడుగుతారని నమ్మకం. దాదాపు పదేళ్లకు అడిగారు. అటక మీదివి కిందికి దిగాయి, 1984లో తయారీ మళ్లీ మొదలైంది. 1988 నుంచి 2000 దాకా రోలెక్స్ వాళ్లు తమ డేటోనా వాచీలో చాలా మార్పులు చేసి పెట్టుకున్నది ఈ యంత్రమే. ఆ డేటోనాల కోసం ఇవాళ జనం ఎగబడతారు. వాళ్లలో ఎంతమందికి వెర్మో పేరు తెలుసో నాకు అనుమానమే.

సరే, చరిత్ర చాలు. లైట్లు కొంచెం తగ్గిస్తారా? కెమెరా కింద ఒక వాచీ పెట్టాను. వెనక మూత తీసేసి ఉంది. ఇది 1960ల నాటి మామూలు వాచీ. పేరున్నది కాదు, ఖరీదైనది అంతకన్నా కాదు. గంటకు 18,000 తట్ల రకం. ఇప్పుడు ఆగిపోయి ఉంది. కీ తిప్పుతున్నాను, ఆ తెర మీద బంగారు రంగు చక్రాన్ని చూస్తూ ఉండండి. ఒక తిప్పు. ఏం లేదు. ఇంకో తిప్పు. ఇంకొకటి... ఇదిగో, ఊగడం మొదలుపెట్టింది. (సభలో చప్పట్లు)

బాగుంది కదూ? నేను ఎన్నిసార్లు చూసినా ఇక్కడ ఊపిరి ఆగుతుంది. ఇప్పుడు మధ్యలో చూడండి. వెంట్రుక మందాన చుట్టలు చుట్టిన స్ప్రింగు, ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంది. దాన్నే హెయిర్ స్ప్రింగ్ అంటారు. ఆ పక్కన చిన్న కొక్కెం లాంటిది అటూ ఇటూ కొట్టుకుంటోంది, దాని రెండు కొసల్లో ఎర్రటి రాళ్లు మెరుస్తున్నాయి. ఆ రాళ్లకు పళ్ల చక్రం వచ్చి తగిలినప్పుడల్లా మనకు వినిపించేదే టిక్ టిక్. కీ తిప్పినప్పుడు బిగుసుకునే పెద్ద స్ప్రింగు తన బలమంతా ఒక్కసారి విడిచేస్తే ముళ్లు గిర్రున తిరిగి క్షణాల్లో ఆట ముగుస్తుంది. ఆ కొక్కెం దాన్ని ఒక్కో పన్ను చొప్పున మాత్రమే వదులుతుంది. డయల్ మీద "17 జ్యూయెల్స్" అని రాసి ఉండటం మీరు చూసే ఉంటారు. చాలామంది అవి అలంకారానికి అనుకుంటారు, పాత వాచీ అమ్మేవాళ్లు కూడా కొందరు అలాగే చెప్పి అమ్ముతారు. అవి ప్రయోగశాలలో తయారుచేసిన కెంపులు. చక్రాల ఇరుసులు లోహం మీద లోహం రాసుకుని అరిగిపోకుండా పెట్టినవి. నగల దుకాణంలో వాటికి విలువ లేదు.

ఇందులో బ్యాటరీ లేదు, చిప్పు లేదు. దాచిపెట్టింది ఏదీ లేదు. ఎలా నడుస్తోందో కంటితో చూసి అర్థం చేసుకోవచ్చు. ఇవాళ మన చేతుల్లో ఉన్న వస్తువుల్లో అలా చూసి తెలుసుకోగలిగినవి ఎన్ని? ఈ పిచ్చిలోకి దిగినవాళ్లలో చాలామంది మూత తీసి చూసిన రోజే దిగారు. ప్రకటనలు చూసి దిగినవాళ్లు కొన్నాళ్లకు వేరే సరదా వెతుక్కుంటారు.

ఈ హెయిర్ స్ప్రింగ్ ఉందే, దానికి ఒక రోగం వస్తుంది. పనికొచ్చే సంగతి, గుర్తుపెట్టుకోండి. స్పీకరు పక్కనో, అయస్కాంతం మూత ఉన్న సంచి మీదో, టాబ్లెట్ కంప్యూటరు కవరు మీదో వాచీ పెడితే స్ప్రింగుకు అయస్కాంతం పట్టుకుంటుంది. చుట్టలు ఒకదానికొకటి అతుక్కుని స్ప్రింగు పొట్టిదైపోయినట్టు పనిచేస్తుంది. ఇక వాచీ పరుగే పరుగు. రోజుకు సెకన్లలో ఉండే తేడా నిమిషాలకు పెరుగుతుంది. యజమాని యంత్రం పాడైందనుకుని మూలన పడేస్తాడు. ఫోనులో దిక్సూచి తెరిచి దాని మీదుగా వాచీని జరపండి. సూది గట్టిగా కదిలితే అయస్కాంతం పట్టిందన్నమాటే. అది పోగొట్టే చిన్న పరికరం దొరుకుతుంది, క్షణాల పని. ఇప్పటి కొత్త వాచీల్లో సిలికాన్ స్ప్రింగులు వస్తున్నాయి, వాటికి ఈ బాధ లేదు.

ఇప్పుడు అసలు తగాదాకి వద్దాం. పాత వాచీలు పోగేసే ఇద్దరిని ఒక గదిలో పెడితే పావుగంటలో వాదన మొదలవుతుంది. విషయం ఒకటే: ఏది అసలు, ఏది మార్చింది?

చీకట్లో వెలిగే చుక్కల్నే తీసుకోండి. 1960ల ముందు దాకా డయళ్ల మీద రేడియం పూసేవాళ్లు. 1917 నుంచి అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం ఆరెంజ్ ఊళ్లోని కార్ఖానాలో ఆడపిల్లలు ఆ రంగు వేసేవాళ్లు. కుంచె కొస సన్నగా రావాలని పెదాలతో తడిపి మొన తేల్చమని వాళ్లకు నేర్పారు. వాళ్లలో చాలామంది దవడ ఎముకలు కుళ్లి, రక్తహీనతతో చనిపోయారు. కొందరు కోర్టుకెక్కారు, 1928లో కంపెనీ రాజీకి వచ్చింది. ఒక పాత వాచీ చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ పిల్లలు నాకు గుర్తొస్తారు, రాకుండా ఉండటం కష్టం.

రేడియం సగానికి తగ్గడానికి సుమారు 1,600 ఏళ్లు పడుతుంది. కానీ ఆ డయళ్లు ఇవాళ వెలగవు. వెలుగునిచ్చే జింక్ సల్ఫైడు దెబ్బతినిపోయింది, రేడియం మాత్రం అలాగే ఉంది. కాబట్టి వెలగడం లేదు కదా అని గోరుతో గీకకండి. ఆ తర్వాత ట్రిటియం వచ్చింది. దాని సగం ఆయుష్షు పన్నెండేళ్ల చిల్లర. డయల్ అడుగున చిన్న "టి" అక్షరం కనిపిస్తే అదే. 1990లలో అణుధార్మికత లేని రకాలు వచ్చాక డయల్ మీద ఆ రంగు పూతకూ కాలం చెల్లింది.

ఇప్పుడు మీకు "1965 నాటి వాచీ, ఏదీ ముట్టుకోలేదు" అని ఒకాయన అమ్మజూపాడు. చిన్న అల్ట్రావయొలెట్ టార్చి కొట్టి, ఆర్పి, చీకట్లో చూడండి. చుక్కలు పచ్చగా చాలాసేపు వెలుగుతూనే ఉంటే అది నిన్నమొన్న పూసిన రంగు. పాత ట్రిటియమైతే టార్చి ఆపగానే ఆరిపోతుంది. ముళ్లదొక రంగు, చుక్కలదొక రంగు అయితే ముళ్లు మార్చారేమో అడగండి. భూతద్దంలో అక్షరాల అంచులు చూడండి. రంగు చెదిరినట్టుంటే డయల్ మళ్లీ అచ్చువేశారు. బెల్టు కలిసే కొమ్ముల అంచులు గుండ్రంగా అరిగి ఉంటే ఎవరో గట్టిగా పాలిష్ పట్టారు. కేసు ఒక వాచీది, యంత్రం ఇంకో వాచీది, డయల్ మూడోదాన్నుంచి తెచ్చి కలిపినవాటిని మేం ఫ్రాంకెన్ వాచీలంటాం. నడుస్తాయి, అందంగా కూడా ఉంటాయి. అబద్ధం చెప్పి అమ్మకపోతే వాటి మీద నాకేం కోపం లేదు.

ఈ 'అసలు' పిచ్చి ముదిరితే ఎక్కడిదాకా పోతుందో కూడా చెప్పాలి. నల్ల డయల్ ఎండకు పాడై గోధుమరంగుకు తిరిగితే దానికి ట్రాపికల్ డయల్ అని ముద్దుపేరు పెట్టి ఎక్కువ ధర కడతాం. అద్దం చుట్టూ ఉండే వలయాన్ని బెజెల్ అంటారు, అది రంగు వెలిస్తే ఘోస్ట్ అని పేరు. కంపెనీ వాడు తన పనిలో లోపం అనుకునేదానికి మేం దండం పెడతాం. (నవ్వులు) రోలెక్స్ డేటోనాలో ఒక రకం డయల్ 1960లలో అసలు అమ్ముడుపోయేది కాదు. సినిమా నటుడు పాల్ న్యూమన్‌కు ఆయన భార్య జోయాన్ వుడ్‌వర్డ్ అలాంటిదే కొనిచ్చింది. ఆయనకు కారు రేసుల పిచ్చి. వెనక మూత మీద "జాగ్రత్తగా నడుపు, ఇట్లు నేను" అనే అర్థం వచ్చేలా చెక్కించింది. 2017 అక్టోబరులో న్యూయార్కులో ఫిలిప్స్ వేలంలో ఆ వాచీ కోటీ 77 లక్షల డాలర్లకు పైగా పలికింది. లోపల ఇనుము, ఇత్తడి అన్ని డేటోనాల్లో ఉన్నదే. ధర పలికింది ఆ చెక్కిన మాటకు, అది ఎవరి చేతికుందో రుజువు చేసిన ఫొటోలకు.

రుజువు అన్నాను కాబట్టి ఒక సైనిక వాచీల కథ. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో బ్రిటిష్ సైన్యం ఒక కొలతల పట్టిక రాసి స్విస్ కంపెనీలకు పంపింది. నల్ల డయల్, అంకెలు, చీకట్లో వెలగాలి, నీళ్లు చొరకూడదు, పదిహేను జ్యూయెల్స్ ఉండాలి. పన్నెండు కంపెనీలు తయారుచేశాయి: ఓమెగా, లాంజీన్స్, ఐడబ్ల్యుసి, జేగర్ లెకుల్ట్ర్, సైమా, ఎటెర్నా, బ్యూరెన్, లెమానియా, రికార్డ్, టిమోర్, వెర్టెక్స్, గ్రానా. వీటికి తర్వాతి కాలంలో డర్టీ డజన్ అని పేరొచ్చింది. పన్నెండూ ఒక చోట చేర్చాలని తపించేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. పదకొండు దొరకడం డబ్బు, ఓపిక ఉన్నవాళ్లకి సాధ్యమే. గ్రానా దగ్గర ఆగిపోతారు, అన్నిటికన్నా తక్కువ తయారైంది అదే.

ఇందులో ఒక చిక్కు ఉంది. సైన్యంలో వాచీలు బాగుచేసేవాడికి మన తగాదాలు తెలీవు. ముళ్లు విరిగితే పెట్టెలో దొరికినవి పెట్టాడు. రేడియం ప్రమాదమని తెలిశాక సైన్యమే డయళ్లు పీకేసి ట్రిటియం డయళ్లు వేయించింది. ఇప్పుడు చెప్పండి, సైన్యం మార్చిన డయల్ అసలా, నకిలీనా? తయారీ నాటిదే అసలు అనేవాళ్లు ఒక పక్క. ఆ వాచీ సైన్యంలో బతికిన బతుకులో డయల్ మార్పిడి కూడా భాగమే కదా అనేవాళ్లు ఇంకో పక్క. నేను రెండో పక్షం. ఒంటి మీద గాయం లేని సిపాయిని మాత్రమే సిపాయి అంటానంటే ఎలా? మొదటి పక్షం మిత్రులు ఈ గదిలోనే ఉన్నారు, టీ టైములో నా పని పడతారు.

ఈ మనుషుల ఆరా వల్ల చరిత్ర సరిదిద్దుకున్న సందర్భాలూ ఉన్నాయి. అంతరిక్షం అనగానే అందరూ ఓమెగా స్పీడ్‌మాస్టర్ పేరు చెబుతారు. 1965 మార్చిలో నాసా పరీక్షలు నెగ్గింది, 1969లో ఆల్డ్రిన్ చేతికి చంద్రుడి మీద దిగింది. ఆ వాచీని తర్వాత మ్యూజియానికి పంపిస్తుంటే దారిలో పోయింది, ఇప్పటికీ దొరకలేదు. అపోలో 13 ప్రమాదంలో పడ్డప్పుడు దారి సరిచేసుకోవడానికి ఇంజినును 14 సెకన్లు మండించాల్సి వచ్చింది, ఆ 14 సెకన్లు కొలిచింది కూడా స్పీడ్‌మాస్టరే. బాగానే ఉంది. అయితే ఇవన్నీ చేత్తో కీ ఇచ్చే వాచీలు. తనంతట తనే కీ ఎక్కించుకునే ఆటోమేటిక్ క్రోనోగ్రాఫులలో మొదట అంతరిక్షానికి వెళ్లింది ఏది? 1985లో ఒక జర్మన్ వ్యోమగామి పెట్టుకెళ్లిన సిన్ కంపెనీ వాచీ అని చాలాకాలం అనుకున్నారు. తర్వాత ఒక వాచీ ప్రియుడు 1973 నాటి స్కైలాబ్ అనే నాసా అంతరిక్ష కేంద్రం ఫొటోలు చూస్తూ వ్యోమగామి విలియం పోగ్ చేతికి పసుప్పచ్చ డయల్ సీకో ఉందేమిటి అని అనుమానపడ్డాడు. సంగతి పోగ్‌నే అడిగారు. అవునన్నాడాయన. భూమి మీద శిక్షణలో దాంతోనే అలవాటు పడ్డాడట, నాసా అనుమతి జాబితాలో అది లేదు, స్పేస్ సూటు జేబులో వేసుకుని పట్టుకుపోయాడు. బరువు లేని చోట ఆటోమేటిక్ నడుస్తుందా అని సందేహం ఉండేది, 84 రోజులు సుబ్బరంగా నడిచింది. ఇవాళ ఆ రకం సీకోను ప్రపంచమంతా 'పోగ్' అనే పిలుస్తారు. ఇదంతా తేలింది ఒక మనిషి పాత ఫొటోలో మణికట్టు మీద కన్నేశాడు కాబట్టి. వాచీల వాళ్లతో సినిమాకు వెళ్తే ఇదే గొడవ. కథానాయకుడు ఏడుస్తుంటే మేం అతని చేతికేముందో చూస్తుంటాం.

ఇక నాకు నచ్చని వర్గం గురించి. వాచీని పెట్టుబడి అనేవాళ్లు. 2021లో, 2022 మొదట్లో పేరున్న స్టీలు వాచీల ధరలు చుక్కలనంటాయి. దుకాణంలో కొన్న వాచీని ప్లాస్టిక్ పొర ఒలవకుండానే ఎక్కువకు అమ్ముకోవడం ఒక వ్యాపారమైంది. 2022లోనే గాలి దిగిపోయింది, అప్పుచేసి కొన్నవాళ్లు చాలామంది ఇరుక్కున్నారు. లాభం వస్తే తప్పని నేననను. కానీ లాకర్లో పెట్టిన వాచీకి, దాన్ని చూసేవాడు లేని వాచీకి, ఏం సంబంధం మిగిలింది మన సరదాతో?

దీనికి సాక్ష్యంగా ఒక దొంగ కథ చెబుతాను. సర్ డేవిడ్ లయొనెల్ సాలమన్స్ అనే ఆయన, పారిస్‌లో పేరుమోసిన గడియారాల తయారీదారు బ్రెగే చేసిన గడియారాలు పోగేశాడు. ఆయన కూతురు వాటిని జెరూసలేంలో తాను పెట్టించిన మ్యూజియానికి ఇచ్చింది. అందులో ఫ్రాన్సు రాణి మరీ ఆంత్వానెత్ పేరు మీదున్న 160వ నంబరు జేబు గడియారం ఉంది. 1783లో ఆర్డరు వచ్చిందంటారు. 1793లో రాణి తల తెగింది, 1823లో బ్రెగే కన్నుమూశాడు, గడియారం 1827లో పూర్తయింది. అడిగినవాళ్లూ లేరు, మొదలుపెట్టినవాడూ లేడు, అయినా పని ఆగలేదు. 1983 ఏప్రిల్‌లో ఒక్క రాత్రి 106 గడియారాలు దొంగతనం అయ్యాయి, ఇదీ వాటిలో ఉంది. దొంగ నామన్ డిల్లర్, ఒక్కడే. అంత ప్రసిద్ధమైనవాటిని అమ్మలేడు, చూపించలేడు. దేశదేశాల్లో లాకర్లలో దాచాడు. 2004లో చావు దగ్గరపడ్డాక భార్యకు చెప్పాడు. 2006 నుంచి రెండు మూడేళ్లలో 96 తిరిగొచ్చాయి. ఇరవై ఏళ్లకు పైగా ఆ దొంగ దగ్గర ప్రపంచంలోని గొప్ప సేకరణల్లో ఒకటి ఉంది, నలుగురికి చూపించుకునే దారి మాత్రం లేదు. సొమ్ము న్యాయంగా కొన్నదే అయినా లాకరుకే అంకితం చేసినవాడి పరిస్థితి దీనికన్నా ఎంత మెరుగో మీరే చెప్పండి.

ఖరీదైనవే చెప్పుకుంటూ పోతున్నానని అనుకుంటున్నారేమో. నా దృష్టిలో మంచి సేకరణలో కాసియో ఎఫ్-91డబ్ల్యు అనే చవక డిజిటల్ వాచీ ఉండి తీరాలి. 1989లో వచ్చింది, ఇప్పటికీ అదే రూపం. ఇక అదే కాసియోలో కికువో ఇబె అనే ఇంజినీరు. తండ్రి ఇచ్చిన వాచీ కింద పడి పగిలిపోయింది. పడినా పగలని వాచీ చేస్తానని కూర్చున్నాడు. పది మీటర్ల ఎత్తు నుంచి పడినా తట్టుకోవాలి, పది బార్‌ల నీటి ఒత్తిడికి ఆగాలి, బ్యాటరీ పదేళ్లు రావాలి. ఆఫీసు మూడో అంతస్తు మరుగుదొడ్డి కిటికీలోంచి నమూనాలు పారేసి చూసేవాడు. సుమారు రెండొందలు ముక్కలయ్యాయి. బయట ఎంత మందం కట్టినా లోపల ఏదో ఒక భాగం విరుగుతోంది. చివరికి పార్కులో ఒక పాప రబ్బరు బంతి కొడుతుంటే చూశాడు. బంతి లోపల ఒక వాచీ గాల్లో తేలుతున్నట్టు ఊహించుకున్నాడు. యంత్రాన్ని నాలుగు పక్కలా బిగించకుండా కొద్ది చోట్ల మాత్రమే ఆనించి వదిలేశాడు. 1983లో అదే జీ-షాక్ పేరుతో వచ్చింది. దాని ధర ఎంత తక్కువైతే ఏం, వెనక ఉన్న ఆలోచన తక్కువదా?

ప్రశ్నలకు టైము ఉంది. చెప్పండమ్మా.

(సభ నుంచి ప్రశ్న: కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏది కొనాలి?)

ముందు ఏదీ కొనకండి. ఒక మూడు నెలలు చూడండి. పాత వాచీ మీద మనసైతే, దాన్ని బాగుచేసే మనిషి ఎవరో ముందు కనుక్కోండి, తర్వాత వాచీ వెతకండి. కీ వాచీకి కొన్నేళ్లకోసారి విప్పి, శుభ్రం చేసి, నూనె వెయ్యాలి. ఆ ఖర్చు ఒక్కోసారి వాచీ ధరను మించిపోతుంది. అమ్మేవాడు "నడుస్తోంది" అంటే నమ్మండి, "సర్వీసు చేయించాను" అంటే రసీదు అడగండి. పాత వాచీ మీద 'వాటర్‌ప్రూఫ్' అని ఉన్నా చేతులు కడుక్కునేటప్పుడు తీసెయ్యండి, లోపలి రబ్బరు ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము మూడు దాకా తేదీ మార్చే మీటను ముట్టుకోకండి. ఆ వేళలో తేదీ చక్రాన్ని తిప్పే పళ్లు పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, మీ మణికట్టుకు ఎంత సైజు నప్పుతుందో అద్దంలో చూసుకోండి. కొనేదేదో రోజూ పెట్టుకునేది కొనండి.

(సభ నుంచి ఇంకో ప్రశ్న: ఎన్ని ఉంటే ఆపాలి?)

ఆ ప్రశ్న మా ఇంట్లో కూడా అడుగుతుంటారండీ. (నవ్వులు) నేను పాటించేది ఇది: పోయినసారి దీన్ని ఎప్పుడు పెట్టుకున్నానో గుర్తు రాకపోతే, అది వేరే చేతికి వెళ్లాల్సిన వాచీ. అమ్మేస్తాను, లేదా కుర్రవాళ్లెవరైనా మూత తీసి చూసి కళ్లు పెద్దవి చేస్తే వాళ్లకిచ్చేస్తాను.

టైము అయింది. పక్క బల్ల మీద వాచీలు పెట్టాను, భూతద్దాలు ఉన్నాయి, ఎవరైనా తీసి చూడొచ్చు. క్రోనోగ్రాఫ్ పై మీట నొక్కి చూడండి, అందుకే పెట్టింది. ముల్లు పరిగెత్తుతుండగా కింది మీట మాత్రం నొక్కకండి, ముందు ఆపి, అప్పుడు సున్నాకు తేవాలి. చివర్న ఉన్న నల్ల డయల్‌ది రేడియం వాచీ. పెట్టె అద్దంలోంచి చూడండి, మూత తియ్యకండి. సందేహాలుంటే అక్కడే ఉంటాను.